బాపు గోలీలు టైముకు వేసుకునేలా ఫోన్‌తో ఏం చేయొచ్చు?

నర్సంపేట_ఆడబిడ్డ | నవంబర్ 9, రాత్రి 10:15

అందరికీ నమస్తే. మా బాపుకు 67 ఏళ్లు. నర్సంపేట దగ్గర ఊళ్లో బాపు, అమ్మ ఇద్దరే ఉంటారు. నేను మియాపూర్‌లో, తమ్ముడు పుణెలో. బాపుకు పదేళ్ల నుంచి షుగరు, బీపీ ఉన్నాయి. పోయినేడు గుండెకు స్టెంట్ వేశారు. ఇప్పుడు పొద్దున నాలుగు గోలీలు, పగటి పూట ఒకటి, రాత్రి నాలుగు.

బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు బీరువా మీద ఉన్న మిఠాయి డబ్బా దించి చూశాను. అందులోనే ఆయన మందులు పెట్టుకుంటాడు. కత్తెరతో కోసిన స్ట్రిప్పులు, రెండు మూడు గోలీలే మిగిలిన ముక్కలు, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు. ఏది ఎప్పటిదో ఆయనకే తెలవాలి. ఒక్కొక్కటి నేల మీద పరిచి చూస్తే రెండు వేరే వేరే పేర్లున్న స్ట్రిప్పుల కింద చిన్న అక్షరాల్లో ఒకటే మందు రాసి ఉంది. ఒకటి ప్రైవేటు ఆస్పత్రిలో రాసింది, ఇంకోటి ప్రభుత్వ దవాఖానలో ఇచ్చింది. మూడు వారాలుగా రెండూ వేసుకుంటున్నాడు. నేను పోయి చూడడానికి పది రోజుల ముందే కొట్టంలో కళ్లు తిరిగి పడ్డాడు. ఎండ దెబ్బ అనుకున్నాం.

డాక్టరుకు చూపిస్తే ఒకటి ఆపేశారు. కానీ నాకు ఆ రోజు నుంచి టెన్షన్ పోలేదు. ఇక్కడి నుంచే చూసుకునేలా మంచి యాప్ ఏదైనా ఉందా? బాపుకు స్మార్ట్‌ఫోన్ ఉంది, యూట్యూబు చూస్తాడు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతాడు. ఇంగ్లీషు చదవడు. అమ్మది బటన్ ఫోన్.

సుబేదారి_కోడ్ | నవంబర్ 9, రాత్రి 10:52

అక్కా, యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఫోన్లో ఉన్న గడియారాన్నే వాడండి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఈ మాట చెబుతున్నాను. మా నాయినమ్మ కోసం రెండు మూడు యాప్‌లు పెట్టి చూశాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. అప్పుడు రిమైండర్ ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. గడియారం అలారానికి ఆ ఇబ్బంది ఉండదు. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మామూలుగా మోగుతుంది. స్విచాఫ్ అయితే మాత్రం చాలా ఫోన్లలో మోగదు, కాబట్టి రాత్రి చార్జింగు పెట్టే అలవాటు చేయించండి.

యాప్ కావాలనే అనుకుంటే సెట్టింగ్స్‌లోకి పోయి ఆ ఒక్క యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి.

ఇంకోటి. అలారం టోన్ బదులు మనం రికార్డు చేసిన గొంతు పెట్టుకోవచ్చు. మీకు పిల్లలుంటే వాళ్ల గొంతుతో "తాతా, గోలీ టైమైంది" అని పెట్టండి. ఇంగ్లీషు చదవాల్సిన పనే ఉండదు.

మందులషాపు_పరకాల | నవంబర్ 10, ఉదయం 7:05

చెల్లె, 22 ఏళ్ల నుంచి షాపు నడుపుతున్నా. అలారానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. తప్పుగా రాసిన మందుల పట్టీకి అలారం పెడితే తప్పు మందు టైముకు పడుతుంది, అంతే.

ఒక్కో స్ట్రిప్పును రెండు వైపులా ఫోటో తీయండి. మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. కింద చిన్నగా ఉండేదే అసలు మందు పేరు, మేము సాల్ట్ అంటాం. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది దేనికో తెలుగులో పక్కన పెట్టి, ఆ కాగితాన్ని ఫోటో తీసి బాపు ఫోన్లో, మీ ఫోన్లో, తమ్ముడి ఫోన్లో ఉంచండి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, ఏ షాపుకు పోయినా ముందు ఆ ఫోటో చూపించాలి. మీకు జరిగిన డబుల్ డోసు లాంటివి నా కౌంటర్ ముందు నెలకు ఒకటైనా కనపడుతుంది.

స్ట్రిప్పు కోసి ఇచ్చేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న వైపు ఇవ్వమని గట్టిగా అడగండి. నెల మందు కొనేవాళ్లు నిండు స్ట్రిప్పులే తీసుకోవాలి. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడో బార్ కోడో తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే మందు అసలు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెలుస్తాయి. కొన్నిటికి అది అట్టపెట్టె మీదే ఉంటుంది కాబట్టి పెట్టె పారేయకండి.

నర్సంపేట_ఆడబిడ్డ | నవంబర్ 11, రాత్రి 9:30

అన్నా, నిన్న ఆదివారం ఊరికి పోయి మీరు చెప్పినట్టే కాగితం రాసి గోడకు కూడా అంటించాను. మా పాప గొంతు రికార్డు చేశాం: "తాతా, తెల్ల గోలీ ఒకటి, గులాబీ గోలీ ఒకటి ఏసుకో." బాపు దాన్ని నాలుగుసార్లు మోగించుకుని విన్నాడు.

మందులషాపు_పరకాల | నవంబర్ 11, రాత్రి 9:41

పాప గొంతు చాలా మంచి పని. రంగు మాత్రం తీసేయండి చెల్లె, ఇవాళే తీసేయండి. బ్రాండు మారితే రంగు మారుతుంది. వచ్చే నెల అదే మందు పచ్చగా రావచ్చు, తెల్ల గోలీ అని ఇంకేదో వేసుకోవచ్చు. గళ్ల డబ్బా కొనండి, వారం రోజులకు, పూటకో గది ఉండేది. పాపతో "పొద్దుటి గదిల గోలీలు" అని చెప్పించండి.

జగిత్యాల_దుబాయ్ | నవంబర్ 11, రాత్రి 11:20

మా అమ్మకు షుగర్. నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడ. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు, వాయిస్ మెసేజ్ మాత్రం పోతుంది. రోజూ మన టైము రాత్రి ఎనిమిదింటికి, అంటే నాకు ఆరున్నరకు, సైటు నుంచి బస్సెక్కగానే ఒక వాయిస్ పెడతా. అమ్మ అన్నం తిని, గోలీ వేసుకుని, ఖాళీ అయిన గదిని ఫోటో తీసి పంపుతది. ఫోటో తీయడం పక్కింటి పిల్లగాడు నేర్పాడు. ఆ ఫోటో రాకపోతే నాకు నిద్ర పట్టదు.

స్టాఫ్‌నర్స్_హన్మకొండ | నవంబర్ 12, మధ్యాహ్నం 2:10

అందరూ గడియారం గురించే మాట్లాడుతున్నారు, నాకు భయం వేసేది అక్కడే. కొన్ని షుగర్ గోలీలు తినే ముందు వేసుకునేవి. ఎనిమిదింటికి అలారం మోగింది, గోలీ వేసుకున్నారు, ఇంతలో ఎవరో పిలిస్తే చేనుకు పోయారు, పదింటికి తిన్నారు. మధ్యలో షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. అలాంటి గోలీకి అలారం కాదు, కంచం గుర్తు కావాలి. అన్నం ముందర పెట్టుకున్నాకే డబ్బా తెరవాలి. థైరాయిడ్ గోలీ దీనికి పూర్తిగా వేరు. పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు చాయ్ కూడా తాగొద్దు. క్యాల్షియం, ఐరన్ గోలీలు దానికి నాలుగు గంటలు దూరం ఉండాలి. దీనికి అలారం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మరిచిపోయిన పూట గోలీని తర్వాతి పూటతో కలిపి రెండు వేసుకోవద్దు. ఏం చేయాలో మందును బట్టి ఉంటుంది, ఫోన్ చేసి అడగండి.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఫోన్లో అది వారానికి ఒక్క రోజే మోగేలా పెట్టారా లేదా ఇప్పుడే చూడండి. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన ఆ గోలీని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్సులిన్ వాడేవాళ్లు కొత్త సీసా, కొత్త సిరంజి కొన్న రోజు రెంటినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి నర్సుకో షాపాయనకో పంపండి. 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి. అటుదిటైతే డోసు రెండింతలు దాటిపోతుంది, లేకపోతే సగం కూడా అందదు.

భూపాలపల్లి_షిఫ్టు | నవంబర్ 12, రాత్రి 11:45

బొగ్గుబావిలో పని. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం రాత్రి. వారం వారం అలారాలు మార్చలేక ఆగమైపోయాను. డాక్టరును అడిగితే నాకు రోజుకు ఒక్కసారి వేసుకునే బీపీ గోలీకి మార్చి, ఏ షిఫ్టయినా నిద్రలేచి మొహం కడిగాక వేసుకొమ్మన్నారు. డబ్బా ఇప్పుడు బ్రష్షు పక్కనే ఉంటుంది.

నర్సంపేట_ఆడబిడ్డ | నవంబర్ 20, రాత్రి 9:05

పది రోజులైంది. మంచి వార్త చెప్పాలనుకున్నాను కానీ లేదు.

రోజూ అడుగుతున్నా, "ఏసుకున్న బిడ్డా" అంటున్నాడు. నిన్న అమ్మతో గళ్ల డబ్బా తెరిపించి లెక్క పెట్టించాను. పగటి గదులు ఐదు నిండుగా ఉన్నాయి. పొద్దుటివి కూడా రెండు రోజులవి ఒక్కో గోలీ మిగిలి ఉంది. పగటివి ఎందుకు మిగిలాయో తెలిసింది. అలారం మోగేసరికి బాపు చేన్లో ఉంటాడు. ఫోన్ అంగీ జేబులో, గోలీలు ఇంట్లో బీరువా మీద. పాప గొంతు వినపడితే నవ్వుకుని నొక్కేస్తాడు, ఇంటికి వచ్చేసరికి యాదికి ఉండదు. పొద్దుటి గోలీ ఒక్కటే ఎందుకు మిగులుతుందో మాత్రం నాకు అర్థం కాలేదు.

నిన్న రాత్రి కోపంలో అరిచాను. "పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్" అని ఫోన్ పెట్టేశాడు. ఇవాళ ఎత్తలేదు.

కొత్తవాడ_మగ్గం | నవంబర్ 20, రాత్రి 10:30

చెల్లె, బాపు మాటకు బాధపడకు. నేను 2018లో ముంబైలో మగ్గం మీద ఉన్నప్పుడు టీబీ వచ్చింది. ఆరు నెలల మందు. అప్పటికే వారానికి మూడుసార్లు కాకుండా రోజూ వేసుకునే పద్ధతి వచ్చింది. పరగడుపున మూడు గోలీలు మింగాక కడుపులో తిప్పేది. ఒంటికి పోతే నారింజ రంగు. మొదటి రోజు రక్తమే అనుకుని గోడకు ఆనుకుని కూలబడ్డాను. అది మందు రంగు, భయపడొద్దని ముందుగా ఎవరూ చెప్పలేదు.

మా గోలీల అట్ట ఒక కవరులో ఉండేది. గోలీ ఒత్తితే వెనక కాగితం చిరిగి లోపల ఒక ఫోన్ నంబరు కనపడేది. దానికి మిస్డ్ కాల్ ఇవ్వాలి, పైసా ఖర్చు లేదు. ఏ గోలీ వెనక ఏ నంబరు ఉందో ఒత్తేదాకా తెలవదు. కాల్ ఇస్తే ఇవాళ వేసుకున్నట్టు అక్కడ రాసుకుంటారు. బటన్ ఫోన్ చాలు.

కానీ నన్ను నిలబెట్టింది ఆ నంబరు కాదు. రెండో నెలలో బాగైపోయిందనిపించి నాలుగు రోజులు ఆపేశాను. ఐదో రోజు దవాఖాన నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఎందుకు వేసుకోలేదని అడగలేదు. "ఏమైంది భయ్యా, ఒంట్లో బాగలేదా?" అంది. వాంతులని చెప్పాను. మరునాడు రమ్మని, దానికి వేరే గోలీ ఇప్పించింది. మిస్డ్ కాల్ రాలేదు కాబట్టే ఆమెకు నా సంగతి తెలిసింది.

సుబేదారి_కోడ్ | నవంబర్ 20, రాత్రి 10:58

అన్నా, అది 99 డాట్స్ అనే పద్ధతి. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో పుట్టింది, తర్వాత ఎవర్‌వెల్ అనే సంస్థ చేతికి పోయింది. దాని తెలివంతా మీరు చెప్పిన ఆ దాచిన నంబరులోనే ఉంది. అలారం నొక్కడానికి గోలీ ముట్టుకోనక్కర లేదు, ఈ నంబరు తెలియాలంటే గోలీ బయటికి తీయాలి. తీసి మింగకపోతే మాత్రం అదీ పట్టుకోలేదు. దుబాయ్ అన్న వాళ్ల అమ్మ పంపే ఖాళీ గది ఫోటో కూడా ఇదే లెక్క.

పీజీ_కేఎంసీ | నవంబర్ 21, ఉదయం 6:40

కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్నాను. మగ్గం అన్న చెప్పిన ఫోన్ కాల్ సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

కెన్యాలో 538 మంది హెచ్‌ఐవీ రోగులతో చేసిన ఒక పరిశోధన 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సగం మందికి వారానికి ఒక్కసారి ఫోన్‌కు ఒక మెసేజ్. అందులో గోలీ మాటే లేదు. స్వాహిలీలో "మాంబో?" అని, అంటే మనం "ఎట్లున్నవ్?" అన్నట్టు. బాగున్నామనో, ఇబ్బంది ఉందనో 48 గంటల్లో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, జవాబు ఇవ్వనివాళ్లకూ నర్సు ఫోన్ చేసేది. ఏడాది తర్వాత మందులు సరిగా వేసుకుంటున్నవాళ్లు ఆ సగంలో నూటికి 62 మంది, మిగతా సగంలో 50 మంది. మాట మీద నమ్మి వదిలేయలేదు, రక్తపరీక్ష కూడా చేశారు. వైరస్ అదుపులో ఉన్నవాళ్లు 57 మంది, 48 మంది.

చైనాలో టీబీ రోగుల మీద చేసింది 2015లో వచ్చింది. గుర్తు చేసే మెసేజ్‌లు మాత్రమే పంపిన వాళ్లలో తేడా కనపడలేదు. మోగడంతో పాటు తెరిచిన ప్రతిసారీ నమోదు చేసుకునే డబ్బా ఇచ్చిన వాళ్లలో మానేసిన డోసులు తగ్గాయి. ఆ లెక్క చూసి డాక్టరు వాళ్లతో మాట్లాడేవారు.

ధనిక దేశాల్లో కూడా దీర్ఘరోగాల మందులు సరిగా వేసుకునేవాళ్లు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే రాసింది. అందరూ మరిచిపోయి మానేయరు. కొందరు తెలిసే మానేస్తారు, వాళ్లకో కారణం ఉంటుంది. అక్కా, మీ బాపు పొద్దుటి గదిలో మిగిలే గోలీ రెండు రోజులూ ఒకటేనా? అదేం గోలీ?

మౌనంగా_ఉన్నా | నవంబర్ 21, ఉదయం 11:15

ఒక్క మాట చెప్పి వెళ్తాను. నేను మనసుకు సంబంధించిన మందులు వాడతాను, అత్తగారింట్లో తెలియదు. ఒక యాప్ నా మందు పేరును ఫోన్ తెర మీద అందరికీ కనపడేలా చూపించింది. ఆ రోజే తీసేశాను. ఇప్పుడు అలారానికి "మొక్కలకు నీళ్లు" అని పేరు పెట్టుకున్నాను. చుట్టాల గ్రూపుల్లో మందుల పట్టీ పెట్టే ముందు ఆ మనిషిని అడగండి.

ఏటూరునాగారం_ఆశా | నవంబర్ 21, రాత్రి 8:20

మా దగ్గర కొన్ని గూడేల్లో చెట్టెక్కితే తప్ప సిగ్నలు రాదు. నేను 30 మంది బీపీ, షుగరు వాళ్లను చూసుకుంటా. ఎవరెవరి గోలీలు ఏ రోజు అయిపోతాయో నా ఫోన్ క్యాలెండర్లో రాసుకుంటా, రెండు రోజుల ముందు నాకు మోగుతది. వాళ్లకు మోగే అవసరం లేదు, నేను పోతా. గోలీలు అయిపోయి వారం ఊరికే ఉండేవాళ్లే ఎక్కువ, ఆ గ్యాప్ అన్నిటికంటే చెడ్డది. చెల్లె, మీరు కూడా బాపు గోలీలు అయిపోయే తేదీ మీ ఫోన్లో పెట్టుకోండి.

నర్సంపేట_ఆడబిడ్డ | నవంబర్ 23, రాత్రి 10:40

పీజీ తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నే మలుపు తిప్పింది.

అమ్మతో ఆ గోలీ ఫోటో తెప్పించాను. రెండు రోజులూ అదే. నీళ్ల గోలీ, ఒంటికి ఎక్కువ పోయేలా చేసేది. ఇవాళ బాపుకు ఫోన్ చేసి గోలీల మాట ఎత్తలేదు. "తిన్నవా బాపూ, పత్తి ఎట్ల పోయింది?" అని అడిగాను. ఎనుమాముల మార్కెట్‌కు రెండు ట్రిప్పులు వేశానని, రేటు ఎంత పడిందో, తేమ ఎంత చూపించిందో అన్నీ చెప్పాడు. చెప్పీ చెప్పీ, తనంతట తనే అన్నాడు: "ఆ గోలీ ఏసుకుంటే గంట గంటకు పోవాలె బిడ్డా. తెల్లారంగ ట్రాలీ ఎక్కితే కాంటా అయ్యేదాంక పత్తి ఇడిసి యాడికి పోత? అందుకే మార్కెట్‌కు పోయిన్నాడు ఎయ్యలే."

రెండు రోజులు, రెండు ట్రిప్పులు. నేను పది రోజులు అలారాలు మారుస్తూ కూర్చున్నాను. ఆయనకు మరుపే లేదు. ఈ సంగతి ఆడపిల్లకు ఎలా చెప్పాలని సిగ్గుపడ్డాడు.

స్టాఫ్‌నర్స్_హన్మకొండ | నవంబర్ 24, ఉదయం 6:15

ఆ గోలీ మానేస్తే కాళ్ల వాపు, ఆయాసం రావచ్చు. గుండె మనిషి, అలా వదలొద్దు. చాలామందికి టైము మార్చే వీలుంటుంది, కానీ మీ డాక్టరే చెప్పాలి. ఇవాళే అడగండి. మార్కెట్ రోజుల సంగతి దాచకుండా చెప్పండి.

నర్సంపేట_ఆడబిడ్డ | డిసెంబర్ 14, రాత్రి 9:20

మూడు వారాల సంగతి రాస్తున్నాను.

డాక్టరు బాపుతోనే మాట్లాడారు. మార్కెట్‌కు పోయిన రోజు ఇంటికి తిరిగొచ్చాక నీళ్ల గోలీ వేసుకోవచ్చని, మానేయొద్దని, సాయంత్రం దాటితే మాత్రం రాత్రి నిద్ర చెడుతుందని చెప్పారు. పగటి గోలీని తీసేసి, అదే మందు పొద్దున, రాత్రి అన్నంతో వేసుకునేలా మార్చారు. ఇప్పుడు రెండే పూటలు. పొద్దున చాయ్ గిన్నెల పక్కన డబ్బా, రాత్రి టీవీ దగ్గర. పాప గొంతు రాత్రి ఒక్కసారే మోగుతుంది, అప్పుడు ఫోనూ గోలీలూ బాపూ ఒకే గదిలో ఉంటారు.

రోజూ అడగడం మానేశాను. ఆదివారం మాత్రం అమ్మ బటన్ ఫోన్ నుంచి మాట్లాడుతూ డబ్బా నింపుతుంది. కాగితం మీద ఉన్న పేర్లు నేను చదువుతాను, అమ్మ స్ట్రిప్పు మీది మొదటి అక్షరం ఆకారం చెబుతుంది: "ఇది నిచ్చెన లెక్క ఉన్నది", "ఇది సున్న." అలా నలభై నిమిషాలు పడుతుంది. పోయిన వారం ఒక స్ట్రిప్పు కొత్త రంగులో వచ్చిందని ఆమే పట్టుకుంది. పరకాల అన్నకు ఫోటో పంపితే మందు అదే, కంపెనీ మారిందన్నారు.

మొన్న రాత్రి బాపు నుంచి ఒక వాయిస్ వచ్చింది. వెనకాల టీవీ మోగుతోంది. "బిడ్డా, రేపు మళ్ల మార్కెట్‌కు పోతున్న. నీళ్ల గోలీ జేబుల పెట్టుకున్న, వాపసు వచ్చినంక ఏసుకుంట. మీ అమ్మను అడగకు, నన్నే అడుగు."